కొసరు చెయ్యి

అలసంద గింజలు ఇంకా ఉడకలేదు. మూత తీసి ఒకటి వేళ్ళ మధ్య నొక్కి చూసి, మళ్ళీ మూత పెట్టేసి, కొసరమ్మ పొయ్యి పక్క గోడకి ఆనుకుని నిలబడింది. స్నానాల గదిలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. కూతురు ఇప్పుడే లోపలికి వెళ్ళింది, తల కూడా రుద్దుకుంటానంది, తొందరగా రాదు. మంచిదే. పొద్దున ఆస్పత్రి నుంచి ఫోను వచ్చిన దగ్గర్నుంచి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరుగుతున్నారు, రెండు గదుల ఇంట్లో అలా తప్పించుకు తిరగడమంటే మాటలు కాదు. తగ్గలేదట. కూతురి కాలేయంలో మొదటి స్కానులో ఎంత కొవ్వు కనిపించిందో రెండో స్కానులోనూ ఇంచుమించు అంతే ఉందట. నెలాఖరుకి ఇంకొక్కసారి చూస్తాం, అప్పటికీ తగ్గకపోతే మీ అమ్మాయి దగ్గర ముక్క తీసి మీ అబ్బాయికి పెట్టడం కుదరదు, వేరే దారి చూసుకోండి అన్నారట. వేరే దారంటే ఏమిటో కొసరమ్మకి తెలుసు. వేరే దారి లేదు. కోడలి రక్తం కలవలేదు, తన వయసు దాటిపోయింది, పోయినవాళ్ళెవరిదో దొరికేదాకా ఆగడానికి కొడుకు ఒంట్లో ఓపిక లేదు. కలిసినది చెల్లెలి రక్తం ఒక్కటే. ఆ పిల్ల బస్సు నడుపుతుంది, పొద్దస్తమానం సీట్లో కూర్చుని ఎప్పుడు పడితే అప్పుడు ఏది దొరికితే అది తిని కొవ్వు పెంచుకుంది. అది కరగాలంటే గ్రాములెక్కన తూచి తినాలన్నారు. తూచి పెట్టే పని అమ్మకి వచ్చింది. తూచడం అమ్మకి కొత్తా.

గట్టు మీద ఉంది ఆ కాటా, పలకంత, తెల్లగా, మీద గీత కూడా లేకుండా. మొదటిరోజు దాన్ని చూసి కొసరమ్మ నవ్వింది, నవ్వు వచ్చే రోజులు కాకపోయినా. తక్కెడ చిప్పలు లేవు, రాళ్ళు లేవు, ముల్లు లేదు, ఇదేం తూకమే అంది. కంచం పెట్టి మీట నొక్కితే సున్నా అవుతుంది, అప్పుడు అన్నం పెట్టాలి, మళ్ళీ నొక్కితే మళ్ళీ సున్నా, అప్పుడు గింజలు. కంచం బరువు తనంతట తానే మర్చిపోతుందన్నమాట. కూతురు నేర్పించింది, ఓపికగా, తనకి బస్సు నేర్పినవాళ్ళు ఎలా నేర్పారో అలా. నేర్పాల్సినంత పనేముంది. కొసరమ్మ పెళ్ళయిన దగ్గర్నుంచి తూకం పక్కనే బతికింది. వీధి మలుపులో కొట్టు, ముందు చెక్క బల్ల, పైకప్పు నుంచి వేలాడే తక్కెడ. ఆయన తూచేవాడు. ముల్లు నిలువుగా నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు, ఒక గింజ ఎక్కువైతే తీసేవాడు, తక్కువైతే వేసేవాడు, అంత నిక్కచ్చి మనిషి. ఆయన తూచి దించాక పొట్లం కట్టేది ఆవిడ. కట్టేముందు చెయ్యి పక్క బస్తాలోకి వెళ్ళేది, గుప్పెడు తీసి పొట్లంలో పడేసేది. ఎవరూ అడగనక్కర్లేదు. చూసి వెయ్యడం కూడా కాదు, మాట్లాడుతూనే, మీ అమ్మకి ఎలా ఉంది అని అడుగుతూనే, చెయ్యి వెళ్ళి వచ్చేసేది. వీధిలో పిల్లలు ఆవిడకి కొసరమ్మ అని పేరు పెట్టారు, తర్వాత పెద్దవాళ్ళూ అదే పిలిచారు, చివరికి ఆయన కూడా. కోపమొచ్చినప్పుడు మాత్రం, తూకం కొట్టుది, కొసరు నీది, నీ వాటాలోంచి ఇచ్చుకో అనేవాడు. ఆ మాటన్న రాత్రి ఆవిడ నిజంగానే ఒక ముద్ద తక్కువ తినేది, ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు, మర్నాడు చెయ్యి మళ్ళీ బస్తాలోకి వెళ్ళేది. ఇప్పుడాయన లేడు, కొట్టూ లేదు, అక్కడ ఎవరో మందులషాపు పెట్టారు. మందులకి కొసరు ఉండదు.

మూత కదులుతోంది. మంట తగ్గించింది. అన్నం నూట యాభై, గింజలు వంద, ఉడకబెట్టిన కూరముక్కలు రెండొందలు, నూనె ఒక చెంచా, అదీ ఇంటిల్లిపాదీ కూరకి పోసే గరిట కాదు, మందు తాగే చెంచా. ఆస్పత్రిలో తిండి లెక్కలు చూసే డైటీషియన్ అమ్మాయి చెప్పినవి కొసరమ్మకి నోటికొచ్చేశాయి. ఆ అమ్మాయి పొద్దున ఫోనులో కూతురితో ఏమందో కూడా సగం వినిపించింది. చెప్పినట్టే తింటే ఈపాటికి సగమైనా తగ్గాలండీ, బయటేమైనా తింటున్నారేమో ఒకసారి ఆలోచించుకోండి. మర్యాదగానే అంది. కూతురు సరేనండీ అని పెట్టేసింది. తర్వాత కోడలు ఫోను చేసింది, అత్తగారికి. ఆ పిల్ల మర్యాదలన్నీ దాటిపోయి చాలా రోజులైంది, రాత్రుళ్ళు మొగుడి పక్కన కూర్చుని కళ్ళల్లో పసుపు రంగు ఎంత ముదిరిందో చూసుకునే మనిషి, ఆవిణ్ణి తప్పుపట్టలేం. "తనకి ఇష్టం లేకపోతే లేదని చెప్పమనండి అత్తయ్యా. చాటుగా తింటూ రోజులు గడపడం దేనికి? మేం ఏడ్చే ఏడుపేదో ఇప్పుడే ఏడుస్తాం," అంది. నా కూతురు అలాంటిది కాదు అని కొసరమ్మ ఒక్క మాట అనొచ్చు. ఆ మాట రాలేదు. ఎందుకు రాలేదో తనకి తెలుసు.

ఎందుకంటే తనకీ అదే అనుమానం. అనుమానం కూడా కాదు, ఇందాక కూతురు తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్ళీ వెళ్ళగానే కొసరమ్మ గబగబా వెళ్ళి దాని సంచీ వెతికింది. ముసలితనంలో దొంగతనం. బిస్కెట్ల కాగితమో, చాక్లెట్ రేకో, ఏదో ఒకటి దొరుకుతుందని చెయ్యి పెట్టి అడుగుదాకా కెలికింది. దువ్వెన దొరికింది. డిపో గుర్తింపు కార్డు, ఫొటోలో నవ్వకుండా. కడిగి తుడిచిన డబ్బా, నిన్న ఏదో పని మీద డిపోకి వెళ్తుంటే తను తూచి పెట్టిచ్చింది అందులోనే. ఇంకేమీ లేదు. ఒక్క పొట్టు కూడా లేదు. అన్నీ ఉన్నచోటే పెట్టి, జిప్పు లాగి, వంటింట్లోకి వచ్చి గింజలు ఉడికాయా అని చూసింది, ఏమీ ఎరగనిదానిలా. ఆ పిల్ల చిన్నప్పుడు కొట్లో బస్తా మీద కూర్చునేది. వాళ్ళ అన్నయ్యకి బడి నుంచి రాగానే ఆకలి, అమ్మా పెట్టు అని కొంగు లాగేవాడు, పెట్టేదాకా ఊరుకునేవాడు కాదు, తన చేతిలో ఉన్నది వాడి నోట్లోకి పోయేది. ఇది బస్తా మీద కూర్చుని చూస్తుండేది. జనం తగ్గాక, నువ్వేం తిన్నావే అంటే, తర్వాత తింటాలే అనేది. వీధిలో ప్రతివాడి పొట్లంలోనూ కొసరు వేసిన మనిషి, బస్తా మీద కూర్చున్న దాని ఒళ్ళో ఏనాడైనా ఓ గుప్పెడు వేసిందా. వేసే ఉంటుంది. వెయ్యకుండా ఉంటుందా. ఎంత తలుచుకున్నా ఒక్కసారి కూడా గుర్తుకు రావడం లేదు.

ఆస్పత్రిలో అడిగినప్పుడు కూడా అది అంతే. డాక్టరు కాగితం మీద కలంతో బొమ్మ గీసి, ఇక్కణ్ణుంచి ఇక్కడికి కోస్తాం, ఇంత తీస్తాం, మిగిలింది కొన్నాళ్ళకి మళ్ళీ పెరుగుతుంది అని చెప్తుంటే తలొంచుకుని వింది. సరే అంది. ఏదో డ్యూటీ మార్చమంటే ఒప్పుకున్నట్టు. ప్రశ్న అడిగింది కొసరమ్మే. "ఎంత బరువుంటుంది బాబూ, మీరు తీసేది?" డాక్టరు కాస్త తెల్లబోయాడు, ఎవరూ అలా అడగరు కాబోలు. మనిషిని బట్టి ఉంటుందమ్మా, ఆరొందల గ్రాములు అనుకోండి అన్నాడు. అనుకోండి అని ఆయన తేలిగ్గానే అన్నాడు. ఆరొందల గ్రాములంటే ఎంతో కొసరమ్మ అరచేతికి తెలుసు. అయినా ఇంటికొచ్చాక, కూతురు పడుకున్నాక, కూరకి తెచ్చిన గుమ్మడికాయ ముక్క కాటా మీద పెట్టింది. ఎక్కువ చూపించింది. అంచు కోసింది. ఇంకా ఎక్కువ. ఇంకాస్త కోసింది. ఆరొందల దగ్గర అంకె నిలబడింది. అప్పుడు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, కూతురు పుట్టినప్పుడు మంత్రసాని చేతికిచ్చిన మూట గుర్తొచ్చి, అలాగే నిలబడిపోయింది. పచ్చిగా, తడిగా, బరువుగా ఉంది. ఆ కూర వండలేదు. పొద్దున చెత్తబండిలో వేసేసింది, పాడైపోయిందే అని అబద్ధం చెప్పి.

కొడుకు ఫోనులో ఎక్కువ మాట్లాడలేడు. ఆయాసం. నాలుగు రోజుల కిందట చేసి, చెల్లిని ఇబ్బంది పెట్టొద్దమ్మా, దానికి ఎలా వీలైతే అలా చెయ్యమను అన్నాడు. సరేరా అంది. పెట్టెయ్యలేదు వాడు. ఫోనులో ఊపిరి వినిపిస్తూ ఉంది, గట్టు ఎక్కుతున్నవాడి ఊపిరిలా. చాలాసేపటికి, "నాకు బతకాలనుందమ్మా," అన్నాడు. అంత పెద్ద మనిషి, పిల్లల తండ్రి, పెట్టు అని కొంగు లాగిన గొంతుతో అన్నాడు. నేనున్నాగా అంది కొసరమ్మ. ఏముంది తను. తన ఒంట్లో ఏదీ వాడికి పనికిరాదు. తన దగ్గర ఉన్నదల్లా కూతురు. ఆ మాట మనసులోకి వచ్చినప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది. బస్తా మీద కూర్చున్నదాన్ని లేపి వాడికి పెడుతున్నాను, ఇన్నేళ్ళ తర్వాత కూడా.

నీళ్ళ చప్పుడు ఆగింది. కొసరమ్మ ఉలిక్కిపడి గింజల గిన్నె దించింది, వార్చింది. భోజనాల బల్ల మీద కూతురి యూనిఫాం పరిచి ఉంది, సెలవులో ఉన్నా ఇస్త్రీ చేసి పెట్టుకుంటుంది, అదో అలవాటు. కంచం అక్కడికి తీసుకెళ్ళి పెట్టడానికి లేదు. సరే, వచ్చి యూనిఫాం తీసేదాకా కాటా మీదే ఉంటుంది, ఏం పోయింది. కంచం పెట్టింది, మీట నొక్కింది, సున్నా. అన్నం పెట్టింది, నూట నలభై రెండు, ఇంకో నాలుగు మెతుకులు, నూట యాభై. ముల్లు నిలబడింది అనుకుంది, లేని ముల్లుని చూస్తూ. మళ్ళీ సున్నా, గింజలు, వంద. మళ్ళీ సున్నా, కూరముక్కలు, రెండొందలు, ఒక్క ముక్క ఎక్కువైతే తీసి గిన్నెలో వేసింది. ఆయన ఉంటే మెచ్చుకునేవాడు. లోపల గడియ తీసిన చప్పుడైంది. ఇదిగో వచ్చేస్తోంది, ఆకలితో ఉంటుంది, పొద్దున ఆ ఫోను తర్వాత టీ కూడా తాగలేదు అనుకుంటూ గుమ్మం వైపు చూసింది, చూస్తూ ఉండగానే చెయ్యి అన్నం గిన్నెలోకి వెళ్ళి వచ్చింది, గింజల గిన్నెలోకి వెళ్ళి వచ్చింది. తల తిప్పేసరికి కాటా మీద రెండొందల అంకె లేదు. రెండొందల డెబ్బై నాలుగు ఉంది.

కాటా పాడైందేమో అనుకుంది మొదట. తర్వాత చేతిలో గరిట కనిపించింది. గరిటకి ఒక గింజ అంటుకుని ఉంది. నేనెప్పుడు వేశాను. అంకెని చూసింది, కంచాన్ని చూసింది, అన్నం మీద కొత్తగా పడిన ముద్ద ఇంకా పొగలు కక్కుతోంది. రోజూ కంచం కాటా మీంచి దించి బల్ల మీదకి తీసుకెళ్ళేముందు గట్టు మీద ఒక్క క్షణం ఆపుతుంది. ఎందుకు ఆపుతుంది? కంచం తుడవడానికి అనుకుంది ఇన్నాళ్ళూ. నిన్న పొద్దున రొట్టెముక్క తూచాక, ఇంకో అంచు తుంచి పక్కన పెట్టలేదూ. గుడ్డులో సగమే పెట్టమంటే, మిగిలిన సగం ఎండిపోతుందిలే అని. నూనె చెంచా వంచాక మళ్ళీ డబ్బా మూతికి ఉన్న బొట్టు వృథా ఎందుకని తుడిచి. ఒక్కొక్కటే గుర్తొస్తూ ఉంటే కొసరమ్మ గట్టు పట్టుకుంది. ప్రతి పూటా. ఆ పిల్ల మీద ఆస్పత్రి వాళ్ళు అనుమానపడ్డారు, వదిన అనుమానపడింది, కన్నతల్లి సంచీ వెతికింది, కానీ పాపం అది తన కంచంలో పెట్టింది తప్ప మెతుకు తినలేదు. తినకూడనిదంతా ఈ చేత్తోనే పెట్టాను.

అలవాటు, అని చెప్పుకుంది. కొట్టు అలవాటు, చేతికి పట్టిన రోగం, నా తప్పేముంది. ఆ మాట నిలబడలేదు. మరి కొడుకింట్లో కోడలు మందులు కొలిచి పొయ్యమన్నప్పుడు చుక్క ఎక్కువ వెయ్యలేదే ఈ చెయ్యి. పక్కింటావిడకి పంచదార అప్పిచ్చినప్పుడు గ్లాసు తలగొట్టి, అంచుకి సమంగా ఇచ్చిందే. అప్పుడు నిలబడిన చెయ్యి కూతురి కంచం దగ్గరే ఎందుకు నిలబడలేదు. గుమ్మడి ముక్క పట్టుకున్న చెయ్యి ఇదే. ఇంత కోస్తారా నా పిల్లని అని అప్పుడే అనుకుంది కాబోలు, నోటికి చెప్పకుండా. నోరేమో కొడుకుతో నేనున్నాగా అంటోంది, చెయ్యేమో కూతురి కంచంలో ముద్ద వేసి కత్తిని దూరంగా పెడుతోంది. రెండూ తనే. వాడు పోతే? వాడు పోతే చంపింది ఈ చెయ్యే. కూతురు ఆపరేషన్ బల్ల మీద పడుకుని లేవకపోతే? అప్పుడు చంపింది ఈ నోరు. కొసరమ్మకి ఏడుపు రాలేదు, వస్తే బాగుండేది. ముద్ద తీసి గిన్నెలో పడేసి అంకె సరిచెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు, రేపట్నుంచి జాగ్రత్తగా ఉంటే తగ్గుతుంది, అందరూ ఆ పిల్లే దారికొచ్చింది అనుకుంటారు. గరిట కంచం దాకా వెళ్ళింది. తియ్యలేకపోయింది. దాని మీద పడిన నింద దాని మీదే ఉండిపోతుంది కదా.

"అన్నం పెట్టేశావా? యూనిఫాం తీసేస్తా ఉండు," అంటూ కూతురు వచ్చింది, తలకి తువ్వాలు చుట్టుకుని. బస్సు స్టీరింగ్ తిప్పి తిప్పి వెడల్పయిన భుజాలు. కాస్త చిక్కింది మొహం, కొంచెమే.

"అది వదిలెయ్. ఇలా రా," అంది కొసరమ్మ. "ఈ అంకె చూడు."

కూతురు వంగి చూసింది.

"నేనే వేశాను. తూచాక వేశాను. ఇన్నాళ్ళూ రోజూ వేస్తున్నాను. నాకే తెలీదే."

"నాకు తెలుసమ్మా."

కొసరమ్మకి ఆ మాట వెంటనే అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"నువ్వు కంచం దించాక ఇంకో గరిట వేస్తావని. మొదట్లోనే చూశాను."

"మరి చెప్పవే? తినేశావే?"

కూతురు తువ్వాలు విప్పి తల తుడుచుకోవడం మొదలుపెట్టింది, మొహం కనపడకుండా. "నువ్వు కావాలనే వేస్తున్నావనుకున్నా. నన్ను కొయ్యడం నీకు ఇష్టం లేక. అన్నయ్యకి చెప్పలేక ఇలా చేస్తున్నావని." తువ్వాలులోంచి గొంతు చిన్నగా వచ్చింది. "నాకది బాగుందమ్మా. తప్పని తెలుసు. వాడి సంగతి తలుచుకుంటే ముద్ద దిగేది కాదు. అయినా నువ్వు వేస్తున్నావు కదా అని తిన్నాను."

బస్తా మీద కూర్చున్న పిల్ల ఇన్నేళ్ళు ఆగి ఆగి చివరికి ఒక గుప్పెడు తీసుకుంది, అది కూడా తప్పని తెలిసి. కొసరమ్మ, నేను కావాలని వెయ్యలేదు అనబోయింది. అబద్ధమవుతుందేమోనని ఆగింది. "కావాలనే వేశానేమోనే. నాకూ తేలడం లేదు," అంది. "నీకు వద్దనిపిస్తే ఇప్పుడే చెప్పు. వాడికి నేనే చెప్తాను. నా నోటితోనే చెప్తాను." ఆ మాట అన్నాక, నిజంగానే చెప్పగలనని తెలిసి భయమేసింది.

కాటా మీద అంకె మెల్లగా ఆరిపోయింది, ఎవరూ ముట్టుకోకపోతే అది అలాగే ఆరిపోతుంది. "వద్దని కాదమ్మా. భయం. అంతే," అంది కూతురు. "నువ్వు కూడా భయపడుతున్నావని తెలిసింది కదా, చాలు." తువ్వాలు భుజాన వేసుకుని, కంచం ఎత్తి, అందులోవన్నీ ఎక్కడివక్కడ గిన్నెల్లో వేసేసింది. ఖాళీ కంచం కాటా మీద పెట్టి మీట నొక్కింది. "ఇవాళ్టి నుంచి నేనే తూచుకుంటా. వదినకి కూడా నేనే చెప్తాను. నువ్వు అటు నిలబడు."

కొసరమ్మ గోడ దగ్గరికి జరిగి నిలబడింది. అన్నం పడింది, నూట యాభై. గింజలు, వంద. కూరముక్కలు. ఆ పిల్ల మొహం వంచి అంకె నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూస్తుంటే అచ్చం వాళ్ళ నాన్నే. కొసరమ్మ కుడిచెయ్యి లేవబోయింది. దాన్ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని రెండూ వీపు వెనక్కి కట్టుకుంది. కంచంలో ఉన్నది చాలా తక్కువగా కనిపించింది. నెలాఖరు దాకా ఇంతే, ఆ తర్వాత బల్ల, కత్తి, ఆరొందల గ్రాములు. దానికి ఆకలేస్తుంది అని మనసు కొట్టుకుంటూనే ఉంది, కాళ్ళు మాత్రం కదల్లేదు.

అన్నీ అయ్యాక గరిటలో అన్నం, గింజలు కలిసిన ఒక ముద్ద మిగిలింది. కూతురు దాన్ని గిన్నెలో వెయ్యబోయి, ఆగి, గరిట పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. "పొద్దుట్నుంచి నువ్వూ ఏమీ తినలేదు," అంది, గరిట నోటి దగ్గర పెట్టి. కొసరమ్మ చేతులు వెనక్కే ఉంచుకుని నోరు తెరిచింది. ఇన్నేళ్ళ బతుకులో తన చేతికి రాకుండా తన నోటికి వచ్చిన ముద్ద అదొక్కటే. ఉప్పు చాల్లేదు, గింజలు ఇంకాస్త ఉడకాలి. నమిలి మింగింది.